లైబ్రరీని పరుగెత్తించిన అన్నదమ్ములు

అనకాపల్లిలో తెలివి ముందు పుట్టి, దాని వెనకాలే తాము పుట్టామని లింగంనాయుడికీ, తమ్ముడు అప్పలస్వామికీ గట్టి నమ్మకం. ఆ నమ్మకంతోనే సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టేశారు. బెల్లం మార్కెట్టు ప్రెసిడెంటు దేముడుబాబు, ఏ బండి ఎప్పుడొచ్చిందో చెప్పే ప్రోగ్రాం కావాలని మొదటి ఆర్డరిచ్చాడు. "శుక్రవారం సాయంత్రానికి రన్ చేసి చూపించాల. లేదా ఆర్డరు ఇంకోడికిచ్చేస్తాను" అన్నాడు.

శుక్రవారం పొద్దుటికి ఒక్క అక్షరం పడలేదు. లింగంనాయుడు విశాఖపట్నంలో ఉన్న తెలిసిన ఇంజనీరు వనజాక్షి గారికి ఫోన్ చేశాడు.

"అంతా మీరే రాయడం దేనికండీ? పెద్ద కంపెనీలన్నీ వాడే ప్రోగ్రాములు ముందే రాసిపెట్టిన స్టాండర్డ్ లైబ్రరీ ఉంది. అది తెచ్చుకుని, కావలసినప్పుడు కాల్ చేయండి" అందావిడ.

అంతే! ఇద్దరూ ఊరి లైబ్రరీకి పోయి, బీరువాలన్నీ ఊపి చూసి, ఊగనిదాన్ని పట్టుకున్నారు.

"ఇదేరా స్టాండర్డు" అన్నాడు లింగంనాయుడు. లైబ్రేరియన్ శేషమాంబ టీ తాగొచ్చేలోపు దాన్ని రిక్షా ఎక్కించేశారు.

ఆఫీసులో బీరువా ముందు చేతులు కట్టుకుని "పుస్తకంగారూ!" అని కాల్ చేశారు. పలకలేదు. మళ్ళీ ఫోను.

"పేరు తప్పయ్యుంటుంది. పెద్దక్షరం, చిన్నక్షరం తేడా చూసుకోండి."

ఇంకేముంది, అన్న పెద్దగా అరిచాడు, తమ్ముడు చిన్నగా గొణిగాడు. పక్కింటి గేదె పలికింది గానీ బీరువా పలకలేదు. మళ్ళీ ఫోను.

"అయితే ఆ లైబ్రరీ దేనిమీద ఆధారపడిందో అది మీ దగ్గర లేదన్నమాట. అదీ తెచ్చుకోండి."

"అన్నియ్యా, లైబ్రరీ మొత్తం శేషమాంబగారి మీదే కదేటి ఆధారపడింది!"

అంతే, ఆవిణ్ణి కుర్చీతో సహా ఎత్తుకొచ్చారు. "నా బీరువా దొంగలు మీరేనట్రా!" అని ఆవిడ గొడుగుతో బాదుతుంటే లింగంనాయుడు మురిసిపోయాడు.

"ఇప్పుడు పలికిందిరా! పద, రన్ చేద్దాం."

బీరువా నెత్తిన పెట్టుకుని ఇద్దరూ మార్కెట్లో పరుగో పరుగు. వెనకాల గొడుగెత్తి శేషమాంబ.

"ఏటయ్యా ఇది?" అని నోరెళ్ళబెట్టాడు దేముడుబాబు.

"రన్నవుతోంది బాబూ!" అనేలోపు బెల్లం దిమ్మ కాలికి తగిలి, అన్నదమ్ములు బీరువాతో సహా బొక్కబోర్లా పడ్డారు. లింగంనాయుడికి ఏడుపొచ్చేసింది. వచ్చిన ఒక్క ఆర్డరూ పోయేలా ఉంది. పడ్డచోటినుంచే ఫోన్ కొట్టాడు.

"రన్నవుతా రన్నవుతా పడిపోయిందమ్మా!"

"కంగారుపడకండి. అన్నీ ఆపేసి, మళ్ళీ మొదట్నుంచి మొదలుపెట్టండి."

మొదలంటే ఎక్కడ? లింగంనాయుడు బుర్ర గోక్కున్నాడు. తట్టింది. ఒక్క ఉదుటున ఇంటికి పరిగెత్తాడు.

సాయంత్రం దేముడుబాబు మండిపడుతూ వచ్చేసరికి లింగంనాయుడు చీర ఉయ్యాల్లో బొటనవేలు చప్పరిస్తూ ముడుచుకుని ఉన్నాడు. అప్పలస్వామి ఊపుతున్నాడు.

"ఆర్డరు ఇంకోడికిచ్చేస్తన్నాను. ఏటంటావో చెప్పు!" అని అరిచాడు దేముడుబాబు.

"నెమ్మది బాబూ!" అన్నాడు అప్పలస్వామి. "అన్నియ్య ఇప్పుడే పుట్టేడు. మాటలొచ్చేక చెప్తాడు."