చేప వరస, ముల్లు నిలువు

అనగనగా ఒక అడవి. అడవి నడుమ ఒక రాతికొండ. ఆ కొండ చెంప నిండా చిన్న చిన్న గూళ్ళు. అడ్డంగా వరసలు, నిలువుగా వరసలు. పైన ఒక పెద్ద బండ చూరులా ముందుకు వచ్చి ఉండేది. అందుకే మామూలు వానకు గూళ్ళు తడిసేవి కావు.

ఆ గూళ్ళను చూసుకునేది గంగులమ్మ అనే ఉడుము. దానికి మాట తక్కువ. నడక నెమ్మది. పట్టు మాత్రం మీకు తెలిసిందే.

అంతకుముందు ఆ అడవిలో ఎవరు ఏం దాచుకున్నా గోరింక సింగారికి చెప్పి దాచుకునేవాళ్ళు. "సింగారీ, నా ఇప్పపూలు ఎక్కడ పెట్టానే?" అని ఎలుగుబంటి అడిగీ అడగకముందే, "ఎండిన మోదుగ మొదట్లో, మామా" అని చెప్పేసేది. ఆ చురుకు మరెవరికీ లేదు. ఉన్నమాట ఒప్పుకోవాలి.

లోపం ఒక్కటే. పెద్ద ఉరుము ఉరిమిందంటే చాలు, ఏది ఎక్కడుందో అంతా దాని తలలోంచి తుడిచిపెట్టుకుపోయేది. పోయిన వానాకాలం అలాగే అయింది. అడవిలో సగం మంది పస్తులున్నారు.

అప్పుడు మొదలుపెట్టింది గంగులమ్మ ఈ గూళ్ళ పని. ఒక్కో అడ్డవరస మొదట్లో ఎర్రటి జేగురుమట్టితో ఒక బొమ్మ గీసింది. చేప, నెలవంక, ఆకు, ఇలా. ఒక్కో నిలువు వరస నెత్తిన ఇంకో బొమ్మ. ముల్లు, ఈక, గవ్వ. ఎవరైనా ఏదైనా తెస్తే గూట్లో పెట్టి, బంకమట్టితో మూసి, "ఆకు వరస, గవ్వ నిలువు. ఈ రెండు మాటలు గుర్తుంచుకో, చాలు" అనేది. ఆ రెండూ కలిసేచోట ఉండేది ఒకే గూడు. మొదటినుంచీ తడుముకుంటూ రానక్కర్లేదు. ఉరిమినా, మెరిసినా, గంగులమ్మ నిద్రపోయినా గూట్లోది గూట్లోనే.

సింగారి కడుపు భగ్గుమంది.

"పాకేదానికి పెత్తనం ఒకటి" అని చెట్టు చెట్టుకీ వెళ్ళి ఎగతాళి చేసింది. ఎవరూ నవ్వలేదు. తర్వాత కుందేలు చెవి దగ్గర చేరి, "దాని నాలుక చూశావా? రెండు చీలికలు. నీ కందులు సగం తినేసి ఉంటుంది" అంది. కుందేలు హడలిపోయి గూడు తెరిపించింది. గింజ కూడా తగ్గలేదు. "ఊరికే మట్టి వృథా చేయించావు" అని సింగారినే కసిరింది.

ఇంతలో సింగారి పిల్లకు జ్వరం వచ్చింది. కుందేలు మంచిది. వాగు దాటి వెళ్ళి చేదువేరు తవ్వి తెచ్చింది. పిల్ల లేచి కూర్చుంది. సగం వేరు మిగిలింది.

"దాచుకోవే తల్లీ. ఈ జ్వరం మళ్ళీ తిరగబెడుతుంది" అంది గంగులమ్మ.

సింగారి మూతి ముడుచుకునే ఇచ్చింది. "చేప వరస, ముల్లు నిలువు" అంది గంగులమ్మ. పిల్లకు ఆ మాటలు ముద్దొచ్చాయి. పొద్దస్తమానం అదే పాట. చేప వరస, ముల్లు నిలువు.

"నా కడుపున పుట్టినదాని నోట కూడా దాని మాటేనా" అనుకుంది సింగారి. అంతే, ఇక ఆగలేకపోయింది. గంగులమ్మ ఎండకు వెళ్ళి పడుకున్నప్పుడు రెక్క తడుపుకుని వచ్చింది. అడ్డవరసల బొమ్మలన్నీ చెరిపింది. ఒక వరస బొమ్మ ఇంకో వరసకు గీసింది. 'ఏది ఎక్కడికి మార్చానో నాకొక్కదానికే తెలుసు. ఇక రండి, అందరూ నన్నే అడగండి' అనుకుంటూ చెట్టు మీది తన గూటికి చేరింది.

తెలివంటే అదీ! నవ్వకండి. పక్కవాడి పలక తుడిచేసి ఏమీ ఎరగనట్టు కూర్చున్నవాళ్ళు మీలో లేరా?

ఆ సాయంత్రమే కొండ అదిరేలా ఉరిమింది.

తెల్లారేసరికి పిల్ల ఒళ్ళు కాలిపోతోంది. వాగు పొంగి పొర్లుతోంది. కుందేలు అవతలికి వెళ్ళే వీల్లేదు. వేరు తవ్వడం పిట్ట ముక్కుకు అయ్యే పని కాదు. సింగారి అరుస్తూ కొండకు ఎగిరింది. ఆ అరుపులకు అందరూ చేరారు. పిల్ల పాటనే నమ్ముకుని, చేప బొమ్మ ఉన్న వరసలో ముల్లు కింద గూడు పగలగొట్టించింది. లోపల ఎలుగుబంటి ఇప్పపూలు ఉన్నాయి.

"ఇదేమిటి? నావి నెలవంక వరసలో కదా" అంది ఎలుగుబంటి.

గంగులమ్మ బొమ్మల వంక చూసింది. "ఇవి నా గీతలు కావు" అంది.

నోరు మూసుకుంటే సింగారి పరువు నిలుస్తుంది. పిల్ల నిలవదు. సింగారి తల దించుకుంది. "నేనే మార్చాను" అంది.

"సరే. ఏది ఎక్కడికి మార్చావో చెప్పు. నీ తలలో ఉంటుందిగా" అంది గంగులమ్మ.

"ఉరిమింది" అంది సింగారి.

గూళ్ళలో ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. ఎక్కడున్నాయో చెప్పేదే పోయింది.

"పైన నిలువు బొమ్మలు కూడా మార్చావా?" అని అడిగింది గంగులమ్మ.

"లేదు. అక్కడ రాయి జారుతుంది. కాళ్ళు నిలవలేదు."

"అయితే ముల్లు కింద ఉన్న గూళ్ళే తెరుద్దాం. మిగతావి ముట్టొద్దు."

అప్పటికి గాలివాన ఏటవాలుగా కొడుతోంది. తెరిచిన గూడల్లా తడుస్తుంది. లోపలివి కుళ్ళిపోతాయి. ఆ గూళ్ళవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "పగలగొట్టండి. పిల్ల ఏం చేసింది" అని కుందేలే ముందు అంది. దాని కందులు తడిశాయి. నెమలి నువ్వులు తడిశాయి. ఆకు బొమ్మ ఉన్న వరసలో చేదువేరు దొరికింది.

పిల్ల బతికింది.

గంగులమ్మ మాత్రం మిగిలిన వరసల్లోనూ ముల్లు గూళ్ళు తెరిపించింది. "ఇప్పపూలు నావి, నాది నెలవంక." "ఇవి నావి, నాది ఆకు." ఎవరి సొత్తు వాళ్ళు గుర్తుపట్టేకొద్దీ, ఏ వరస ఏదో తేలిపోయింది. గంగులమ్మ జేగురుముద్ద తెచ్చి సింగారి ముందు పెట్టింది.

"నువ్వే గియ్యి. అందరూ చూస్తుండగా."

సింగారి ముక్కుతో జేగురు అందుకుంది. తడిసిన ఇప్పపూలు ఒళ్ళో పెట్టుకుని ఎలుగుబంటి ఆకాశం వంక చూసింది.

"త్వరగా కానీ తల్లీ" అంది. "మళ్ళీ ఉరిమేలా ఉంది."

నీతి: అసూయతో ఒకరి గుర్తు చెరిపినంత మాత్రాన మన పేరు నిలవదు. అవసరం వచ్చిన రోజు మనం దాచుకున్నది కూడా మనకు దొరకదు.