సరంగు తలపాగా

బందరు రేవులో ఓడ ఆ సాయంత్రం పోటుకు కదులుతుంది. దాన్ని నడిపే సరంగు పోలయ్య తిరిగొచ్చేది ఏడాదికో, రెండేళ్లకో. తల్లి లేని నాలుగేళ్ల కూతురు సీతాలు ఈలోపు తన ముఖం మరిచిపోతుందని అతని బెంగ. అందుకే మూడు రోజులుగా కదలకుండా కూర్చుని బొమ్మ వేయించుకుంటున్నాడు.

వేస్తున్నది ఓబన్న. చిత్రకారుడు నూర్ షా దగ్గర ఆరేళ్లుగా శిష్యుడు. ఉడుత వెంట్రుకల కుంచెతో గడ్డంలో ఒక్కో వెంట్రుకా విడివిడిగా తీశాడు. పోలయ్య అరువు తెచ్చి కట్టుకున్న జరీ తలపాగాకు అసలు బంగారమే పూశాడు.

మధ్యాహ్నం మేనత్త సీతాలును తీసుకొచ్చి బొమ్మ ముందు నిలబెట్టింది. "ఎవరే ఇది?"

పిల్ల బెల్లం ముక్క చప్పరిస్తూ తేరిపార చూసింది.

"రాజుగారు," అంది.

పోలయ్య ముఖం వాడిపోయింది. ఓబన్నకు చెవులు వేడెక్కాయి.

"కొలత తప్పలేదు, రంగు తప్పలేదు ఉస్తాద్. ఇంకేం తక్కువైంది?"

నూర్ షా శిష్యుడి చేతిలోని కుంచె తీసుకుని నీళ్లలో కడిగాడు. "బొమ్మ అయిపోయింది సరంగూ. ఇక లేవొచ్చు."

"అయిపోవడమేంటి ఉస్తాద్..."

"నువ్వు నోరు మూసుకుని అటు చూడు."

పోలయ్య హమ్మయ్య అని ఊపిరి వదిలాడు. తలపాగా తీసి పక్కన పడేసి, బట్టతల బరబరా గోక్కున్నాడు. "అయ్యకు పెట్టవా తల్లీ?" అని వంగి నోరు తెరిచాడు. సీతాలు ఎంగిలి బెల్లం నోటిదాకా తెచ్చి, చటుక్కున వెనక్కి లాక్కుంది. పోలయ్య ఎడమ కన్ను సగం మూసి, ఊడిన పంటి సందు కనబడేలా నవ్వాడు.

ఓబన్న ముందుకు వంగాడు. మూడు రోజులు ఎదురుగా కూర్చున్న మనిషిని ఇప్పుడే చూస్తున్నాడు.

"ఉస్తాద్, కుంచె," అని చెయ్యి చాపాడు.

నూర్ షా ఉడుత కుంచె ఇవ్వలేదు. సున్నం పూసే వెడల్పు కుంచె ఇచ్చాడు.

ఓబన్న ఒక్క క్షణం ఆ బంగారం వైపు చూశాడు. తరవాత కుంచెను తెల్లరంగులో ముంచి బొమ్మలోని తలపాగా మీదుగా లాగేశాడు. అది ఆరీ ఆరకముందే దాని మీద చామనచాయ బట్టతల, కింద ఆ కన్ను, ఆ పంటి సందు వేసేశాడు.

రేవులో ఓడ కదిలే నగారా మోగింది. పోలయ్య కూతుర్ని గట్టిగా హత్తుకుని, వెనక్కి చూడకుండా పరిగెత్తాడు. సీతాలు ఏడుపు లంకించుకుంది.

ఓబన్న బొమ్మ తెచ్చి ఎదురుగా పెట్టాడు.

ఏడుపు ఆగింది. పిల్ల కాసేపు చూసి, అరచేతిలో కరుగుతున్న బెల్లం ముక్కను బొమ్మ నోటికి పెట్టబోయింది. రంగు ఇంకా పచ్చిగానే ఉంది. ఓబన్న కంగారుగా చెయ్యి అడ్డం పెట్టబోయాడు.

నూర్ షా ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"తిననీ," అన్నాడు.