ఈకలు ఆగని పిట్ట

అనగనగా ఒక ఊళ్ళో, రాజుల కాలం కాదు తల్లీ, మొన్న మొన్నటి కాలంలోనే, అప్పలకొండ అని ఒకామె ఉండేది. ఆమె మొగుడు పోలయ్యకు బస్టాండు దగ్గర సెలూన్ ఉండేది. వాళ్ళకు పిల్లలు లేరు. వసారా నిండా పంజరాలు, పంజరాల నిండా చిన్న చిలకల్లాంటి బడ్జీ పిట్టలు. ఆకుపచ్చవి, నీలివి, పసుపువి.

ఆమె పిట్టల తలమీద ఈకలు పెద్దవిగా, పువ్వులా విచ్చుకుని ఉండేవి. తల ఎంత పెద్దదైతే జనానికి అంత మోజు. అందుకని అప్పలకొండ పెద్ద తల మగదాన్ని, పెద్ద తల ఆడదాన్ని ఏరి జత కట్టేది. అవి అన్నాచెల్లెళ్ళా, తండ్రీకూతుళ్ళా అని చూసేది కాదు.

ఆమెకు ఇంకో అలవాటుండేది. కోళ్ళను పాలికి ఇచ్చినట్టు పిట్టలను పాలికి ఇచ్చేది. అడిగిన ఇంటికి ఒక జత ఇస్తుంది. వాటికి పిల్లలు పుట్టాక, అన్నిట్లోకి పెద్ద తల ఉన్న పిల్లను వాళ్ళు తెచ్చి ఆమెకివ్వాలి. అలా ఊళ్ళో ఏ వీధిలో పిట్ట కూసినా అది అప్పలకొండ పిట్టకు చుట్టమే.

ఒక ఏడు ఆమెకు అన్నిటికన్నా ఇష్టమైన జత గూడుగా కట్టిన కుండలో అయిదు గుడ్లు పెట్టింది. నాలుగు పిల్లలు బాగానే ఎదిగాయి. అయిదోదానికి ఈకలు రావడం మొదలై, ఇక ఆగలేదు. మెలికలు తిరిగి, కళ్ళ మీదికి, ముక్కు మీదికి పెరిగిపోయాయి.

"ఇదేంటే, చామంతి పువ్వుకు కాళ్ళొచ్చాయా?" అని నవ్వాడు పోలయ్య.

ఆ తర్వాత అతనికి నవ్వు రాలేదు. ఆ పిల్ల ఎగరలేదు. గింజలెక్కడున్నాయో దానికి కనిపించదు. నోట్లో పెడితే రోజంతా తింటుంది, తిన్నదంతా ఈకలకే పోతుంది. చేతిలోకి తీసుకుంటే ఈకల లోపల ఎముకలే తగిలేవి. పోలయ్య రోజూ పొద్దున్నే తన కత్తెరతో దాని కళ్ళ మీది ఈకలు కత్తిరించి, కొర్రలు నానబెట్టి తినిపించేవాడు. "ఇంత ఓపిగ్గా కూర్చునే గిరాకీ నా షాపులో ఒక్కడూ లేడే" అనేవాడు. నాలుగు నెలలకు అది చచ్చిపోయింది.

"ఈ జతను విడగొట్టు" అన్నాడు పోలయ్య.

"వాటి తలలు చూశావా? పోయింది ఒక్కటేగా" అంది అప్పలకొండ.

అప్పుడు మళ్ళీ అదే జతను కలిపింది. మళ్ళీ అలాంటిదే పుట్టింది. పోలయ్య దాన్ని తువ్వాలులో చుట్టి పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. అప్పలకొండ కూడా వెళ్ళింది.

డాక్టరు మూడు మాటలు చెప్పాడు. "అమ్మా, ఈ లోపం తల్లి రక్తంలోనూ ఉంది, తండ్రి రక్తంలోనూ ఉంది. పైకి కనబడదు. రెండూ కలిసినప్పుడు పిల్లలో బయటపడుతుంది. ఒకటి, ఈ జతను ఇక కలపొద్దు. రెండు, వీటి పిల్లలతో పిల్లల్ని పెట్టించొద్దు. మూడు, మీ దగ్గర పిట్టలు తీసుకున్న వాళ్ళందరికీ ఈ సంగతి చెప్పండి."

అప్పలకొండ మొదటి మాట విన్నది. మిగతా రెండూ వదిలేసింది.

"చెబితే నా పిట్టల్ని ఇంకెవరు ముట్టుకుంటారయ్యా?" అంది మొగుడితో. ఎవరైనా ఇంటికొస్తే ఆ పిల్లమీద బుట్ట బోర్లించేది. బుట్టకింద అది మూలిగేది. అదేంటని అడిగితే పిల్లి కూన అనేది. పిట్టను పిల్లిని చేసింది తల్లీ! తప్పు దాచడానికి దిగిన మనిషి ఎంతకైనా దిగుతుంది.

ఆ రెండోది కూడా చచ్చిపోయింది.

ఆ తర్వాత అప్పలకొండ పక్క ఊరి సంతకు వెళ్ళి కొత్త మగదాన్ని తెచ్చింది. "ఇది పరాయి పిట్ట. ఇక భయం లేదు" అంది. దాన్ని ఆ పిల్లల్ని కన్న ఆడపిట్టతో కలిపింది. మూడో పిల్ల పుట్టింది. దాని ఈకలూ ఆగలేదు.

అప్పుడు సంతకు పరుగెత్తి, "ఆ మగది ఎక్కడిదయ్యా?" అని అడిగింది.

"మీ ఊరి గవరమ్మ ఇంట్లో పుట్టిందేనమ్మా" అన్నాడు అమ్మినవాడు.

గవరమ్మకు జతనిచ్చింది ఎవరు? అప్పలకొండే పాలికి ఇచ్చింది. పరాయిదనుకుని ఆమె తెచ్చుకున్నది తన పిట్ట మనవణ్ణే.

మూడో పిల్ల పోలయ్య చేతిలోనే పోయింది. అతను కత్తెర కింద పెట్టి, "ఇక నావల్ల కాదే. పుట్టించేది నువ్వు, పూడ్చేది నేను" అన్నాడు.

ఆ మాట అప్పలకొండకు తగిలింది. అప్పుడు కుండలన్నీ దింపేసింది. మగవాటిని ఒక పంజరంలో, ఆడవాటిని ఒక పంజరంలో పెట్టింది. ఊళ్ళో ఇంకో పిల్ల అలా బాధపడకూడదని, జతలు తీసుకున్న వాళ్ళకు చెప్పడానికి బయల్దేరింది.

మొదట మిల్లు గుమస్తా త్రినాథం ఇంటికెళ్ళింది. "నీ కుండలు దింపేశావని మావి కూడా దింపమంటావా? భలేదానివే!" అని అతను తలుపేసుకున్నాడు.

ఆ తర్వాత కళావతి టీచరు ఇంటికెళ్ళింది. "నిక్షేపంలా ఉన్న పిట్టలకు రోగం అంటగట్టకమ్మా" అని ఆమె కసురుకుంది.

ఆఖరికి గవరమ్మ ఇంటికెళ్ళింది. "వదినా, నీ ఇంట్లో ఈకలు ఆగని పిల్ల ఎప్పుడైనా పుట్టిందా? దాచకుండా చెప్పు."

"ఎందుకు పుట్టలేదు? రెండు పుట్టాయి. రెండింటినీ కాలవలో పారేశాను" అంది గవరమ్మ.

"మరి నాకు ఒక్క మాట చెప్పలేదేంటి వదినా?"

"నీ ఇంట్లో పుట్టినప్పుడు నువ్వు నాకు చెప్పావా?"

అప్పలకొండ వెనక్కి తిరిగి ఇంటికి వచ్చేసింది.

"విన్నారా?" అని అడిగాడు పోలయ్య.

"లేదయ్యా. డాక్టరు చెప్పిన రోజునే నేను చెప్పుంటే వినేవాళ్ళు."

ఆ తర్వాత అందరూ మారిపోయారా అని అడగకు తల్లీ. మారలేదు. ఇప్పటికీ ఆ ఊళ్ళో పెద్ద తలల కోసం జతలు కడుతూనే ఉన్నారు. అలాంటి పిల్లలు పుడుతూనే ఉన్నాయి. ఏ ఇంటివాళ్ళు ఆ ఇంట్లోనే దాచుకుంటున్నారు. నోరులేని దాన్ని పెంచేవాళ్ళు నోరు విప్పకపోతే, బాధపడేది ఆ నోరులేనిదే.

కథ నడిచింది కంచికి,
మనం చేరాం మంచానికి.
దాచిన తప్పు ఒక్కటే
పాకిపోయింది ఇంటింటికి.