లాగౌట్ నొక్కాక

చీరాలలో ఒక రక్తపరీక్షల ల్యాబు వాళ్లకి మౌక్తిక సైటు తయారుచేసింది. రిపోర్టు కోసం ఎవరూ మళ్లీ ల్యాబు దాకా రానక్కర్లేదు. అంతా బాగానే ఉంది కానీ ల్యాబు నుంచి రోజూ ఒకటే ఫిర్యాదు.

"చూసిన ప్రతిసారీ పాస్‌వర్డ్ అడుగుతోందమ్మా. పెద్దవాళ్లు విసుక్కుంటున్నారు."

ఆమె ఒకరోజు కూర్చుని దాన్ని సరిచేసింది. సైటు కట్టడానికి వాడిన జావా ఫ్రేమ్‌వర్క్‌లో అదేమంత కష్టం కాదు. మనిషి ఒకసారి లాగిన్ అయితే బ్రౌజర్‌లో చిన్న గుర్తు ఒకటి పెట్టాలి. దాన్నే కుకీ అంటారు. మళ్లీ వచ్చినప్పుడు సైటు ఆ గుర్తు చూసి, ఏమీ అడక్కుండా లోపలికి రానిస్తుంది. అది ఎంతకాలం ఉండాలో సెకన్లలో చెప్పాలి. మౌక్తిక ఒక ఏడాదికి సరిపడా రాసింది. మూడు కోట్ల పదిహేను లక్షల ముప్పై ఆరు వేలు.

ఫిర్యాదులు ఆగిపోయాయి. ల్యాబు యజమాని ఫోన్ చేసి మరీ మెచ్చుకున్నాడు.

ఆ సంతోషంతోనే మస్తాన్‌వలీ గారి దగ్గరికి వెళ్లింది. ఆ చిన్న ఆఫీసులో ఆయనే పెద్ద. రెండేళ్లుగా ఆమెకి పని నేర్పుతున్నదీ ఆయనే. అంతా విని ఒక్కటే అడిగారు.

"లాగౌట్ నొక్కితే?"

"కుకీ పోతుంది సార్. అదీ రాశాను."

"పోయిందని చూశావా?"

"చూశాను సార్. లాగిన్ పేజీ వచ్చేస్తోంది." తనని ఇంకా కొత్తపిల్లలాగే చూస్తున్నారని మనసులో కాస్త చివుక్కుమంది.

ఆయన కోడ్ తెరిచి చూడలేదు. లేచి చెప్పులేసుకున్నారు.

"రా అమ్మా, అలా వెళ్లొద్దాం."

ల్యాబుకి ఎదురుగా ఒక జిరాక్సు షాపుంది. అందులో రెండు కంప్యూటర్లు. రిపోర్టులు ప్రింటు తీసుకోవాలంటే జనమంతా అక్కడికే వస్తారు. ఒకటి పాడై ఉంది. మస్తాన్‌వలీ గారు రెండోదాని ముందు కూర్చుని, సైటు తెరిచి, తన ల్యాబు రసీదు మీది నంబరూ పాస్‌వర్డూ కొట్టారు. ఆయన రిపోర్టు వచ్చింది. మౌక్తిక మర్యాదగా మొహం తిప్పుకుంది. ఆయన లాగౌట్ నొక్కారు. లాగిన్ పేజీ వచ్చింది.

"చూశారా సార్?" అంది.

ఆయన కిటికీ మూసేసినట్టు ఆ పేజీ మూసేసి, వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డారు.

చేతిలో ల్యాబు రసీదుతో ఒక ఆటోడ్రైవరు వచ్చి ఆ కుర్చీలోనే కూర్చున్నాడు. సైటు తెరిచాడు. రసీదు మీది నంబరు కొట్టబోయి, ఆగి షాపతని వైపు తిరిగాడు.

"ఇదేంటి భయ్యా, నన్నేమీ అడక్కుండానే వచ్చేసింది? ఎవరో మస్తాన్‌వలీ అంట. యాభై ఎనిమిదేళ్లు." తెర మీదికి వంగి ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివాడు. "క్రియాటినిన్ ఆరు పాయింట్ రెండు. అయ్యో! మా బావకీ ఇంతే వచ్చింది. కిడ్నీలు పోయినట్టే. పాపం, ఎవరో ఏమో."

షాపులో ఉన్న నలుగురూ తలెత్తి అటు చూశారు.

మౌక్తిక గబగబా వెళ్లి, "ఒక్క నిమిషం అన్నా" అంటూ మౌస్ లాక్కున్నంత పని చేసింది. బ్రౌజర్‌లో ఉన్న గుర్తులన్నీ చెరిపేసింది. తొందరలో రెండుసార్లు తప్పు నొక్కింది.

బయటికి వచ్చేసరికి మస్తాన్‌వలీ గారు రోడ్డు పక్కన నీడలో నిలబడి ఉన్నారు.

"సార్... మీకు... మీకు కిడ్నీలు..."

ఆయన మొహంలో కోపం లేదు.

"మా ఇంట్లో కూడా ఇంకా చెప్పలేదమ్మా," అన్నారు. "నీకెవరు చెప్పారు?"

చెప్పింది తన సైటేనని మౌక్తికకి అర్థమైంది. ఫోన్ తీసి ల్యాబుకి చేసింది. "సైటు ఆపేస్తున్నానండీ. తప్పు నాదే. సాయంత్రానికి మళ్లీ పెడతాను."

ఆఫీసుకి వెళ్లి తప్పెక్కడుందో వెతికింది. దొరికింది. గుర్తు పెట్టేటప్పుడు సైటు మొత్తానికీ పెట్టింది. తీసేటప్పుడు మాత్రం ఒక్క లాగౌట్ పేజీ దారిలోనే తీసింది. పెట్టిన దారీ తీసే దారీ ఒకటి కాకపోతే బ్రౌజరు పాత గుర్తుని ముట్టుకోదు. లాగిన్ పేజీ పైకి కనబడిందంతే, గుర్తు లోపలే ఉండిపోయింది. అది సరిచేసింది. అప్పటిదాకా పెట్టిన గుర్తులేవీ చెల్లకుండా చేసింది. 'ఇది నా సొంత కంప్యూటరే' అని టిక్కు పెడితే తప్ప కొత్తది పెట్టొద్దని రాసింది. అప్పుడైనా పదిహేను రోజులే.

మస్తాన్‌వలీ గారు ఈసారి కోడ్ మొత్తం చదివారు. "పెట్టెయ్యి," అన్నారు.

ఆ తర్వాత రోజూ ఆయన ఎదురుగానే కూర్చుంది. ఆయన మొహం కాస్త ఉబ్బినట్టున్న రోజులున్నాయి, మధ్యాహ్నాలు బల్లమీద తల వాల్చిన రోజులున్నాయి. పని గురించే మాట్లాడింది. ఆయనకివ్వాల్సిన పని తనే కొంత చేసిపెట్టింది. ఆయన నోటితో చెప్పలేదు కనుక జబ్బు గురించి ఒక్కమాట అడగలేదు.

రెండు నెలల తర్వాత ఒక సోమవారం ఆయనే కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు.

"నీకొక విషయం చెప్పాలమ్మా. నాకు కిడ్నీల జబ్బు."

మౌక్తిక కీబోర్డు మీంచి చేతులు తీసేసి ఆయన వైపు పూర్తిగా తిరిగింది.

"చెప్పండి సార్," అంది.