అర్థమైనవాళ్ళ తరగతి

ఎవరు ఏది అడిగినా కూర్మారావు మాస్టారు తిన్నగా జవాబు చెప్పిన పాపాన పోలేదు. యూనివర్సిటీలో ఏళ్ళ తరబడి మనస్తత్వశాస్త్రం బోధించి, రిటైరయ్యాక బొబ్బిలిలో స్థిరపడిన మనిషి ఆయన. సంశయం మోసుకొచ్చినవాడికి ముందు ఓ గ్లాసు మజ్జిగ ఇచ్చేవారు. తర్వాత వాడి చేత ఏదో ఒక పని చేయించేవారు. ఆ పని అయ్యేసరికి పాత సంశయం తీరిపోయి, దాని జాగాలో కొత్తది వచ్చి కూర్చునేది. శిష్యులు విసుక్కునేవారు గాని, ఆయన గడప తొక్కడం మాత్రం ఎవరూ మానలేదు.

అలా వచ్చినవాళ్ళలో హైమవతి ఒకతె. ఆయన దగ్గరే చదివి, ఫస్టు ర్యాంకు తెచ్చుకుని, ఊళ్ళోనే ఒక హైస్కూల్లో పంతులమ్మగా చేరింది. తొమ్మిదో తరగతి పిల్లలకు వారానికో పీరియడు మనస్తత్వశాస్త్రం పరిచయం చేస్తానని హెడ్మాస్టరు అప్పలస్వామి గారి చుట్టూ తిరిగి తిరిగి ఒప్పించింది. ఆయన లెక్కల మాస్టరు కూడాను. శనివారం తన పీరియడే తీసి ఆమెకిచ్చారు, అదీ మనసొప్పక.

మొదటి శనివారం హైమ నిర్వచనాలు చెప్పింది, శాఖలు చెప్పింది, బోర్డు నింపేసింది. మధ్యలో గౌరీశ్వరి అనే పిల్ల లేచి, తనకు కోపం వస్తే ఏడుపెందుకొస్తుందని అడిగింది. మంచి ప్రశ్నే. హైమకు జవాబు సరిగ్గా తెలీదు. తెలీదని ఒప్పుకుంటే రేపట్నుంచి పిల్లలు లెక్కచేస్తారా? అది ముందుముందు పాఠాల్లో వస్తుందని చెప్పి దాటేసింది. చివర్లో అర్థమైందా అంటే తరగతంతా ఒక్క గొంతుతో అర్థమైందని రాగం తీసింది. తర్వాతి వారం అడిగితే ఒక్కరి నోటా ఒక్క ముక్క రాలేదు. సంగతి హెడ్మాస్టరు దాకా వెళ్ళింది. ఇంకొక్క శనివారం చూస్తాను, నేనే వచ్చి వెనక కూర్చుంటాను, పిల్లలకు ఏమీ ఎక్కకపోతే నా పీరియడు నాకిచ్చెయ్యమ్మా అన్నారాయన.

మాస్టారింట్లో ఆమె మజ్జిగ ముట్టుకోలేదు.

"మనసు కంటికి కనపడదు, చేతికి దొరకదు. అలాంటిదాన్ని పిల్లలకు చెప్పాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి మాస్టారూ?" అని అడిగింది.

మాస్టారు కళ్ళజోడు తుడుచుకుని, శనివారం తనను కూడా బడికి తీసుకుపొమ్మన్నారు.

ఆ రోజు రానే వచ్చింది. అప్పలస్వామి గారు చేతులు కట్టుకుని వెనక కుర్చీలో కూర్చున్నారు, పక్కనే హైమ. పెద్దాయన బోర్డు మీద ఒక త్రిభుజం గీశారు. దాని లోపల ఒక సున్న చుట్టి, ఎటూ పోని బాణం గుర్తు ఒకటి పెట్టారు. ఆపైన గొంతు సవరించుకుని, గంభీరంగా పాఠం అందుకున్నారు.

"మనసు అంటే అనుభూతుల ప్రతిలోమ సంశ్లేషణ. దాని పార్శ్వచైతన్యం ఊర్ధ్వముఖంగా విఘటన చెందితే తిర్యక్ ప్రజ్ఞ పుడుతుంది. ఈ తిర్యక్ ప్రజ్ఞ వర్షాకాలంలో కొంచెం పలచబడుతుంది."

ఇలా ఇంకా చాలాసేపు చెప్పారు. పిల్లలు చెవులు రిక్కించి విన్నారు. ప్రతి వాక్యానికీ హెడ్మాస్టరు గారు ఔనౌనన్నట్టు తల పంకించారు. హైమకు మాత్రం ముచ్చెమటలు పట్టాయి. ఈ తిర్యక్ ప్రజ్ఞ ఏ పుస్తకంలో ఉంది? ఆయన ఇది చెప్పిన రోజు తాను క్లాసుకు వెళ్ళలేదా? ఫస్టు ర్యాంకు వచ్చిన దానికి ఈ పేరైనా తెలీకపోవడమేమిటి? లోపల ఇంత గొడవ జరుగుతున్నా పైన తల ఊగుతూనే ఉంది. పక్కన పెద్దమనిషి ఊపుతుంటే ఊపక చస్తుందా మరి.

అర్థమైందా అన్నారు మాస్టారు. అర్థమైంది సార్ అని పైకప్పు అదిరిపోయేలా అరిచారు పిల్లలు. ఆ అరుపులో హెడ్మాస్టరు గారి గొంతు కూడా కలిసిందని తర్వాత పిల్లలు ఒట్టు పెట్టి చెప్పారు.

అప్పుడు మాస్టారు అందరినీ కళ్ళు మూసుకోమన్నారు, పెద్దవాళ్ళతో సహా. దొంగచూపులు చూడకూడదన్నారు. చెప్పిందాంట్లో ఒక్క ముక్కైనా అర్థం కానివాళ్ళు ఎవరైనా ఉంటే చెయ్యెత్తమన్నారు.

హైమ కళ్ళు మూసుకుంది గాని చెయ్యెత్తలేదు. ఎత్తితే, ఈ సబ్జెక్టు చెబుతానని పీరియడు అడుక్కున్న మనిషికే ఏమీ రాదని తేలిపోతుంది. ఎత్తకపోతే అబద్ధం. ఎవరూ చూడరులే అని సర్దిచెప్పుకుంది. కానీ మాస్టారు చూస్తారు కదా. చూస్తే చూశారు, ఈ బరువు ఇక నావల్ల కాదనుకుంది. చెయ్యి మెల్లగా పైకి లేచింది. లేచాక గుండెల మీంచి ఏదో పెద్ద బండ దిగినట్టయింది.

ఎత్తిన చేతులు దించకుండా కళ్ళు తెరవమన్నారు మాస్టారు.

తెరిచి చూస్తే ఏముంది, గదినిండా చేతులే! ముందు బెంచీ నుంచి వెనక బెంచీ దాకా కిందున్న చెయ్యంటూ లేదు. గడియారం పెట్టుకున్న హెడ్మాస్టరు గారి చెయ్యి అందరికంటే ఎత్తుగా ఉంది. బోర్డు దగ్గర మాస్టారు తన చెయ్యి కూడా ఎత్తి నిలబడ్డారు. నోటికొచ్చిందల్లా చెప్పాను, నాకు మాత్రం ఎలా అర్థమవుతుందన్నారు. ఎవరు ముందు నవ్వారో తెలీదు గాని, క్షణంలో గదంతా పొట్టలు పట్టుకుని నవ్వింది. అప్పలస్వామి గారికి నవ్వీ నవ్వీ దగ్గొచ్చి ఎవరో నీళ్ళు అందించాల్సొచ్చింది.

నవ్వులు సద్దుమణిగాక గౌరీశ్వరి లేచింది. ఎవరికీ అర్థం కానప్పుడు అందరం అర్థమైందని ఎందుకన్నాం సార్ అని అడిగింది. మాస్టారు హైమ వైపు చూశారు. తరగతంతా అటే తిరిగింది. అది ముందుముందు పాఠాల్లో వస్తుందన్న మాట ఆమె నాలుక చివరి దాకా వచ్చింది. మింగేసి, లేచి నిలబడింది.

"నాకు తెలీదు గౌరీ. నేనూ తలూపాను. ఎందుకు ఊపానో మీతోపాటే కనుక్కుంటాను," అంది.

పిల్లలు ఆమెను చిన్నచూపు చూడలేదు సరికదా, నేను చెబుతానంటే నేను చెబుతానని ఎగబడ్డారు. ముందువాళ్ళు తలూపుతుంటే వాళ్ళకొచ్చేసిందనుకున్నామని వెనకవాళ్ళన్నారు. వెనక అంత గట్టిగా అరుస్తుంటే మేమే మొద్దులమనుకున్నామని ముందువాళ్ళన్నారు. వచ్చినవారు పెద్దలు కదా, కాదంటే బాగుండదని ఊరుకున్నానని హెడ్మాస్టరు గారు కూడా ఒప్పుకున్నారు. భిన్నాలు ఆరో తరగతి నుంచీ తనకు రావనీ, బడి మొత్తంలో రానిది తనొక్కదానికేనని ఇన్నాళ్ళూ ఏడ్చేదాన్ననీ గౌరీశ్వరి చెప్పింది. నాకూ రావు, నాకూ రావని నాలుగు మూలల నుంచీ లేచారు. ఆ పిల్ల మొహం వెలిగిపోయింది. భిన్నాలు చెప్పింది అప్పలస్వామి గారే. ఆయన నవ్వు ఆగిపోయింది. కాసేపు తల గోక్కుని, సోమవారం భిన్నాలు మొదటి నుంచీ చెబుతాననీ, ఈ శనివారం పీరియడు ఇక హైమవతి మేడమ్‌దేననీ చెప్పారు. గంట కొట్టినా ఒక్కరూ బెంచీ వదల్లేదు. మాటలు ఆగితే కదా. ఆ హడావుడిలో తన అవసరం ఎవరికీ లేదని గ్రహించి, మాస్టారు చప్పుడు చేయకుండా బయటికి నడిచారు.

హైమ గేటు దగ్గర ఆయన్ని అందుకుంది. సంతోషంతో కాళ్ళు నేల మీద ఆనడం లేదు. కానీ ఒక్క సంగతి మనసులో తొలుస్తూనే ఉంది. అది అడక్కుండా ఉండలేకపోయింది.

"కళ్ళు తెరిచేసరికి నా చెయ్యి ఒక్కటీ కిందే ఉంటే ఏం చేసేవారు మాస్టారూ?"

మాస్టారు గొడుగు విప్పుకున్నారు.

"ఏముందమ్మా, వచ్చే శనివారం కూడా నేనే రావలసొచ్చేది."