దివాన్ కొడుకు నీటియంత్రం

అమరగిరిలో బడిపిల్లలు చేసిన యంత్రాలకు రాజుగారు ఏటా బహుమతి ఇచ్చేవారు. ఏటా అది దివాన్ కొడుక్కే దక్కేది. ఈసారీ రాజుగారు అతని నీటియంత్రం దగ్గరే ఆగిపోయేసరికి, బుట్టలల్లేవాళ్ల అమ్మాయి పోలమ్మకు ఒళ్లు మండిపోయింది. ఆమె చేసిన వెదురు ఏతాం వైపు ఎవరూ చూడనేలేదు.

"ఇంకెన్నాళ్లు మహారాజా ఈ వరస? ఎవరిది వాళ్లు ఊడదీసి, మళ్లీ బిగించమనండి!" అంది.

రాజుగారు సరేనన్నారు. పోలమ్మ చకచకా బిగించేసింది. దివాన్ కొడుకు చక్రాన్ని తలకిందులుగా పెట్టాడు. దివాన్ ఉండబట్టలేక, "అలా కాదురా వెధవా! నేను అలాగేనా బిగించింది?" అంటూ ఉరికొచ్చి, తనే బిగించాడు. నీళ్లు చిమ్మాయి.

"బహుమతి దివాన్‌గారికే ఇవ్వండి ప్రభూ," అంది పోలమ్మ. "కాకపోతే ఇది బడిపిల్లల బహుమతి. రేపట్నుంచి ఆయన్ని మా పక్కన చాపమీద కూర్చోమనండి."