గురవమ్మ వాటా

ఆ కొండకు ఇంకా రోడ్డు పడని కాలంలో, ఉప్పు బండ్లు తప్ప మరేవీ ఆ దారి తొక్కని కాలంలో, గురవమ్మ అని ఒకావిడ ఉండేది.

కొండ దిగేటప్పుడు బండి చక్రానికి ఒక చెక్క ఒరుసుకుంటుంది. బండిని పట్టి ఉంచేది అదే. అరిగితే మార్చాలి. గురవమ్మ పెనిమిటి "ఇంకో దిగుడుకు వస్తుందిలే" అన్నాడు. బండి తోలుకుపోయాడు. మళ్లీ ఇంటికి రాలేదు.

గురవమ్మ పుట్టింటి ఎడ్లు తెచ్చుకుని తనే బండి కట్టింది. చెక్క కాస్త అరిగిందంటే చాలు, వాకిట్లో బండిని మొద్దు మీదికెత్తి, పాతది ఊడదీసి, కొత్త తుమ్మచెక్క బిగించేది.

"ఇంకో దిగుడుకు వస్తుందిలే వదినా" అన్నాడు మరిది.

"రాకపోతే?" అంది. మార్చింది.

"ఇంకో దిగుడుకు వస్తుందిలే తల్లీ" అన్నాడు ఉప్పు కొలిచే షావుకారు.

"రాకపోతే?" అంది. మార్చింది.

తోటి బండ్లవాళ్లూ అదే మాట అని నవ్వారు. వాళ్లకూ అదే జవాబు. మార్చింది.

ఒక వానాకాలం గురవమ్మ ఉప్పు బండితో కొండ నెత్తికి చేరేసరికి అక్కడ ఒక ఖాళీ ఉప్పు బండి ఆగి ఉంది. లోపల నొప్పులు పడుతున్న పిల్ల. మంత్రసాని కొండ కింది ఊళ్లో ఉంది. తోలేవాడు ఆ పిల్ల మొగుడు జోగులు. అతని చక్రం చెక్క తమలపాకంత పలచనైపోయింది.

"ఇంకో దిగుడుకు వస్తుందంటావా అక్కా?" అన్నాడు.

గురవమ్మకు పెనిమిటి గొంతు వినబడినట్టయింది. తన బండి చెక్క ఊడదీసి అతని బండికి బిగించింది.

"ఎడ్లను అదిలించకు. మెల్లగా పో."

"మరి నువ్వు?"

"నా బండిలో ఉన్నది ఉప్పేగా."

ఆ ఉప్పంతా వానకు కరిగిపోయింది. ఆవిడ బండి కింద కూర్చుని, కూలిన చెట్టు కొమ్మలను బాడిసతో చెక్కింది. మూడోనాడు జోగులు చెక్క తిరిగి తెచ్చాడు. ఆడపిల్ల పుట్టిందని, తల్లీబిడ్డా క్షేమమని చెప్పాడు. అప్పటికే ఆవిడ బండికి కొత్త చెక్క ఉంది. పక్కన రాతి మీద ఇంకో రెండున్నాయి.

"ఇవెవరికి?"

"ఎవరో ఒకరు వస్తారుగా."

అప్పట్నుంచి రాతి మీద చెక్క లేకుండా ఉంచలేదు. ముసలిదై మంచంలోనే పోయింది. ఆ ఏడు పైకెక్కిన బండ్లవాళ్లకు ఖాళీ రాయి కనబడింది. ఒకడు తన దగ్గరున్నది పెట్టి దిగాడు.

ఇప్పుడు ఆ కొండకు తారురోడ్డుంది. ఆ వైపు వాళ్లు వాకిట్లో స్కూటరుకు బ్రేకు ప్యాడ్లు మార్చుకునేటప్పుడు ఒక జత ఎక్కువ కొంటారు. దాన్ని గురవమ్మ వాటా అంటారు. తీసుకెళ్లి రాతి మీద పెట్టొస్తారు. ఎవరు పట్టుకెళ్లారని ఎవరూ అడగరు.